డోక్రా పోతతో ఇంట్లో వాడే వస్తువులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదిలాబాద్ ప్రాంతపు డోక్రా కళాకారులతో కలిసి హుక్కులు, పిడులు, దీపాల కుదుళ్లు లాంటి వాడుక వస్తువులు చేయించాలనుకునే డిజైనర్లకు, దుకాణదారులకు, స్వచ్ఛంద సంస్థల వాళ్లకు తరచుగా వచ్చే సందేహాలు, వాటికి జవాబులు ఇవి.

డోక్రా అంటే డ్వాక్రా గ్రూపులు చేసే పనా?

కాదు. పేర్లు దగ్గరగా ఉండేసరికి ఈ పొరపాటు మాటిమాటికీ జరుగుతుంది. డ్వాక్రా మహిళల పొదుపు సంఘాలకు వచ్చిన పేరు. డోక్రా మైనంతో రూపం చేసి, దానికి మట్టి పూసి, మైనాన్ని కరిగించి తీసేసి, ఆ ఖాళీలో ఇత్తడి పోసే పని. ఆర్డరు కాగితం మీదా బిల్లు మీదా స్పష్టంగా ‘డోక్రా ఇత్తడి పోత’ అని రాస్తే తర్వాత ఎవరికీ తికమక ఉండదు.

ఈ పని ఎక్కడ జరుగుతుంది? ఎవరు చేస్తారు?

తెలంగాణలో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలం ఉషేగాం, అదే జిల్లాలోని కేస్లాగూడ ఈ పనికి పేరున్న ఊళ్లు. చేసేవాళ్లు ఓజాలు. గోండులకు, కొలాములకు పూజా సామగ్రి, గజ్జెలు, గంటలు, నగలు పోసి ఇవ్వడం వీళ్ల వంశపారంపర్య వృత్తి. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. ఇదే పద్ధతి ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో, ఒడిశాలో, బెంగాల్‌లో కూడా ఉంది. మట్టి పాళ్లూ, మైనపు తీగ చుట్టే తీరూ ఊరిని బట్టి మారతాయి. బస్తర్ పద్ధతి చూసి గీసిన డిజైన్ ఉషేగాంలో యథాతథంగా కుదురుతుందని అనుకోవద్దు.

బొమ్మలు అమ్ముడవుతూనే ఉన్నాయి కదా, వాడుక వస్తువులు ఎందుకు?

ఏనుగు బొమ్మ కొన్నవాళ్లు మళ్లీ ఏనుగు కొనరు. అల్మారాలో ఒకటుంటే చాలు. తలుపు పిడి అలా కాదు. ఒక్క ఇంటికే పది కావాలి, హోటల్ కట్టేవాళ్లకు వంద కావాలి, నచ్చితే మరుసటి ఏడూ అదే అడుగుతారు. మేళాలు లేని నెలల్లో పని దొరకాలంటే ఇలాంటి ఆర్డర్లు ఉండాలి.

అయితే వాడుక వస్తువు అయినంత మాత్రాన కళాకారుడి చేతికి ఎక్కువ డబ్బు రాదు. డిజైన్ మంచిదా కాదా అని తేల్చే కొలబద్ద ఒకటే: దాని మీద పెట్టిన ఒక్కో పనిదినానికి, ఇత్తడి ఖర్చూ బొగ్గు ఖర్చూ పోగా, ఎంత మిగిలింది? బొమ్మ మీద మిగిలేదానికన్నా పిడి మీద తక్కువ మిగిలితే ఆ పిడి ఎంత అందంగా ఉన్నా దాన్ని మళ్లీ గీయాల్సిందే.

ఏ వస్తువులు ఈ పోతకు బాగా కుదురుతాయి?

గోడ హుక్కులు, సొరుగు పిడులు, తలుపు పిడులు, తాళాలు తగిలించే పలకలు, అగరుబత్తి కుదుళ్లు, దీపపు కుదుళ్లు, పేపర్‌వెయిట్లు, పుస్తకాలకు దన్నుగా నిలిపే పలకలు, కర్టెన్ కడ్డీ చివరి గుబ్బలు. వీటన్నిటికీ బరువు ఉండడమే మేలు. మిల్లీమీటరు అటూ ఇటూ అయినా పని జరుగుతుంది. మైనపు తీగ గీతలు చేతికి తగిలినా, పట్టు దొరుకుతుంది తప్ప ఇబ్బంది లేదు.

కుదరనివి: ఒకదానిలో ఒకటి బిగుతుగా దూరే మూతలు, మరలు తిరిగే భాగాలు, 2.5 మి.మీ. కన్నా పలచటి పలకలు, అరచేతికి మించి వెడల్పుండి అద్దంలా చదునుగా ఉండాల్సిన పళ్లాలు. పళ్లెం కావాలంటే రేకు కొట్టే పెంబర్తి పనివాళ్లున్నారు, వాళ్ల దగ్గరికి వెళ్లండి. పోతతో రేకు పని చేయించబోతే ఇద్దరికీ నష్టం.

గీయడానికి ముందు డిజైనర్ తెలుసుకోవాల్సిన పని వరస ఏమిటి?

బోలు వస్తువైతే ముందు లోపలి మట్టి ముద్ద చేస్తారు. మెత్తగా జల్లించిన మన్ను, ఇసుక, ఊక లేదా పేడ కలిపి రూపానికి కాస్త చిన్నదిగా చేసి నీడన ఎండబెడతారు. దాని మీద పలచగా మైనం పొర. ఆ పొర మీద మైనపు తీగలు పక్కపక్కనే చుట్టి నగిషీ పెడతారు. తీగను సన్నని రంధ్రాల బిళ్ల ఉన్న గొట్టంలోంచి నొక్కి తీస్తారు. సాధారణంగా 1 నుంచి 2 మి.మీ. మందం.

తర్వాత లోహం పోసే మూతికి, అక్కడి నుంచి వస్తువులోకి వెళ్లే దారులకు మైనపు కడ్డీలు అతికిస్తారు. ఆపైన మట్టి. మొదటి పూత అన్నిటికన్నా ముఖ్యం: పుట్టమన్ను, బొగ్గు పొడి, వడగట్టిన పేడ నీళ్లు కలిపి మీగడలా చేసి, తీగల సందుల్లోకి దిగేలా కుంచెతో గానీ వేలితో గానీ పూయాలి. నగిషీ స్పష్టత అంతా ఈ పూతలోనే ఉంది. రెండో పూత కాస్త గట్టిగా, మూడోది ఊక ఎక్కువగా వేసి మందంగా. ఊక కాలిపోయి వదిలిన సన్న రంధ్రాల గుండానే పోత సమయంలో గాలి బయటికి పోతుంది. అందుకే ‘గట్టిగా ఉంటుంది కదా’ అని ఉత్త బంకమన్ను మెత్తడం తప్పు.

ఎండిన అచ్చును మెల్లగా వేడి చేసి మైనం కరిగించి తీస్తారు. తర్వాత అచ్చును ఎర్రగా కాలుస్తారు. వేరే మూసలో కరిగించిన ఇత్తడిని అందులో పోస్తారు. కొన్నిచోట్ల లోహపు ముక్కలున్న మట్టి గిన్నెను అచ్చు మూతికే అతికించి, మొత్తం కాల్చి, లోహం కరిగాక తలకిందులు చేస్తారు. చల్లారాక మట్టి పగలగొడితే వస్తువు బయటపడుతుంది. అచ్చు ఒక్కసారికే. ఇరవై హుక్కులు కావాలంటే ఇరవై మైనపు రూపాలు, ఇరవై అచ్చులు.

మైనంలో ఏం కలుపుతారు? పారాఫిన్ చౌక కదా?

తేనెమైనంలో గుగ్గిలం, కొద్దిగా నూనె. గుగ్గిలం పెరిగితే తీగ బిగువుగా నిలబడుతుంది, మరీ పెరిగితే చుట్టేటప్పుడు పుటుక్కున తెగుతుంది. ఎండాకాలంలో గుగ్గిలం పెంచుతారు, చలికాలంలో నూనె పెంచుతారు. పారాఫిన్‌తో తీసిన తీగ వంచినచోట పగులుతుంది. ఆ పగులు అలాగే ఇత్తడిలోకి వస్తుంది. లోపలి పొరకు కొంత పారాఫిన్ కలిపినా పరవాలేదు గానీ, పైన కనిపించే తీగకు వద్దు.

మైనాన్ని మంటల్లో తగలేయకండి. అచ్చును మూతి కిందికి పెట్టి, నీళ్లున్న గిన్నె మీద సన్నటి వేడిలో ఉంచితే చాలా భాగం నీళ్లలో పడి గడ్డకడుతుంది. మైనం ఖర్చు తగ్గించుకునే మార్గాల్లో ఇంతకన్నా తేలికైనది లేదు.

ఒక వస్తువుకు ఎంత ఇత్తడి పడుతుందో ముందే ఎలా తెలుస్తుంది?

మైనపు రూపాన్ని తూచండి. ఇత్తడి మైనం కన్నా సుమారు 9 రెట్లు బరువు. 16 గ్రాముల మైనపు హుక్కు 140 నుంచి 150 గ్రాముల ఇత్తడి హుక్కు అవుతుంది. మూతికీ దారులకూ వాడిన మైనాన్ని కూడా కలిపి తూచి, 10తో గుణించి కరిగిస్తే లోహం చాలక పోత సగంలో ఆగిపోదు. మిగిలింది మళ్లీ మూసలోకే వెళుతుంది.

లోపల మట్టి ముద్ద ఉంటే ముందు దాన్ని విడిగా తూచి రాసుకోవాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. రూ. 500కు కొనే చిన్న డిజిటల్ త్రాసు ఈ పనికి చాలు. డిజైనర్ తీసుకెళ్లాల్సిన పనిముట్లలో దాన్నే మొదట పెట్టుకోవాలి.

గీసిన కొలతకూ వచ్చిన కొలతకూ తేడా ఎందుకు?

ఇత్తడి గడ్డకట్టి చల్లారేటప్పుడు పొడవులో సుమారు 1.5 శాతం కుంచించుకుపోతుంది. మైనమూ మట్టీ తెచ్చే తేడా కలిపి 2 శాతం అనుకుని రూపాన్ని పెద్దగా చేయాలి. 100 మి.మీ. కావాలంటే మైనం 102. దీనిపైన చేతిపని తేడా ఉండనే ఉంటుంది.

కాబట్టి బొమ్మ గీసి కొలతలు రాసి ఇవ్వడం కన్నా చెక్కతో కొలతదిమ్మ చేసి ఇవ్వడం మంచిది. ఉదాహరణకు టీలైట్ కొవ్వొత్తి అడ్డకొలత 38, 39 మి.మీ. ఉంటుంది. పూర్తయిన గుంట 42 ఉండాలి. మైనం దశలో సరిచూడ్డానికి 43 మి.మీ. చెక్క బిళ్ల ఒకటి, పోత అయ్యాక సరిచూడ్డానికి 41 మి.మీ. బిళ్ల ఒకటి ఇవ్వండి. బిళ్ల దూరితే సరుకు పాస్. టేపు చదవాల్సిన పని లేదు, తర్వాత వాదనా లేదు.

ఒక గోడ హుక్కును మొదటి నుంచి చివరి దాకా ఎలా ఆలోచించాలి?

వెనక పలక 40 × 80 మి.మీ., మందం 4. గోడ నుంచి ముందుకు వచ్చే కొక్కెం మొదట్లో 8 మి.మీ. లావు, 30 మి.మీ. పొడుపు, చివర 10 మి.మీ. గుబ్బ. గుబ్బ అందానికే కాదు, బట్ట చిరగకుండా కూడా. మైనం 16 గ్రాములు అటూ ఇటూ.

పలక వెనక తీగ చుట్టొద్దు. మైనాన్ని చదునైన చెక్క మీద పరిచి చేయాలి, అప్పుడే గోడకు అంటుకుని కూర్చుంటుంది. కొక్కెం పలకను కలిసేచోట లోహం ముద్దగా ఉంటుంది. అది అన్నిటికన్నా ఆఖర్న గడ్డకడుతుంది, గడ్డకడుతూ చుట్టుపక్కల నుంచి లోహాన్ని లాక్కుంటుంది. లోహం దొరక్కపోతే అక్కడే గుంట పడుతుంది. సరిగ్గా ఆ ముద్ద వెనకే లోహపు దారి పెడితే, మూతిలో మిగిలిన లోహం దిగి గుంట నింపుతుంది. ఆ మచ్చ వెనక వైపే ఉంటుంది గనక రాకే పనీ తగ్గుతుంది. దారి ముందు నగిషీ మీద పెట్టారంటే, కోసి ఆకురాయితో రాకడానికి గంట పట్టడమే కాదు, అక్కడి తీగ గీతలూ పోతాయి.

స్క్రూ రంధ్రాలు రెండు ఉండాలి, పైనొకటి కిందొకటి. ఒక్కటే పెడితే బరువైన సంచి తగిలించిన రోజునే హుక్కు పక్కకు తిరుగుతుంది. రంధ్రాలు పోతలో తీయొద్దు. వాటి చోటు గుర్తుగా మైనంలో చిన్న గుంట నొక్కి ఉంచి, పోత అయ్యాక 4 మి.మీ. స్క్రూకు 5 మి.మీ. డ్రిల్లు వేయండి. డ్రిల్లు జారకుండా ఆ గుంట పట్టుకుంటుంది. రంధ్రాల చుట్టూ 10 మి.మీ. మేర తీగ లేకుండా నున్నగా వదిలితే స్క్రూ తల సరిగ్గా కూర్చుంటుంది. చాలా డిజైన్లలో ఈ 10 మి.మీ. సంగతే మరిచిపోతారు.

సొరుగు పిడికి మర ఎలా వేయాలి?

సొరుగు పిడులకు ఎక్కువగా వాడేది ఎం4 (4 మి.మీ. లావు) స్క్రూ. పిడి వెనక కనీసం 10 మి.మీ. లావు, 12 మి.మీ. లోతు గట్టి దిమ్మ ఉండాలి. అంటే అక్కడ మట్టి ముద్ద రాకూడదు. 3.3 మి.మీ. డ్రిల్లుతో రంధ్రం చేసి ఎం4 ట్యాప్‌తో (లోపలి మర కోసే పనిముట్టు) మర కోయాలి. ఎం5కి 4.2, ఎం6కి 5 మి.మీ. డ్రిల్లు. ట్యాప్‌ను సగం చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ పోతే విరగదు. ఇనుప బోల్టును మైనంలోనే పెట్టి పోత పోయడం కొందరు చేస్తారు. పట్టు బాగానే ఉంటుంది గానీ బోల్టు వంకర వస్తే ఆ పిడి మళ్లీ మూసలోకే.

రెండు స్క్రూల తలుపు పిడికి రంధ్రాల మధ్య దూరం 96 లేదా 128 మి.మీ. పెట్టుకోండి, వడ్రంగులకు అలవాటైన కొలతలవి. ఆ దూరం పోతలో కచ్చితంగా రాదు. రెండు రంధ్రాలున్న ఇనుప పట్టీ ఒకటి చేయించి, దాన్ని పిడి వెనక బిగించి దాని గుండానే డ్రిల్లు వేస్తే ప్రతి పిడీ ఒకే కొలతకు వస్తుంది. పట్టీ ఖర్చు ఒక్కసారే.

అగరుబత్తి కుదురులో రంధ్రాలు పూడుకుపోతున్నాయి. ఎందుకు?

మైనంలో 2 మి.మీ. రంధ్రం పొడిస్తే, అందులోకి దిగిన మట్టి అగ్గిపుల్లంత సన్నగా నిలబడుతుంది. మైనం కరిగేటప్పుడో లోహం దూకేటప్పుడో అది విరుగుతుంది, రంధ్రం ఇత్తడితో నిండిపోతుంది. పోతలో రంధ్రం నిలవాలంటే దాని అడ్డకొలత కనీసం 5 మి.మీ. ఉండాలి, లోతు అంతకు మించకూడదు. అగరుబత్తికి పోత తర్వాత 2 మి.మీ. డ్రిల్లు వేయడమే దారి. నిటారుగా కాకుండా కాస్త వాలుగా వేయండి, బూడిద పళ్లెంలో పడుతుంది. పళ్లెం పొడవు చూసి వాలు నిర్ణయించాలి.

కరెంటు దీపం చేయించవచ్చా?

చేయించవచ్చు గానీ మొదటి వస్తువుగా వద్దు. లోహపు ఒళ్లు గనక మూడో వైరుతో ఎర్త్ తప్పనిసరి. వైరు దూరే రంధ్రం అంచు నున్నగా రాకి రబ్బరు బుష్ పెట్టాలి. హోల్డరు బిగించే పని తెలిసిన ఎలక్ట్రీషియన్ చేయాలి.

పోతలు ఎందుకు చెడుతున్నాయి? ఏ లోపానికి ఏది కారణం?

పగిలిన అచ్చునూ చెడిన పోతనూ పారేసే ముందు పక్కపక్కన పెట్టి చూడండి.

*అంచులు నిండలేదు, మధ్యలో అతుకు గీత కనిపిస్తోంది.* లోహం చల్లబడిపోయింది, లేదా అచ్చు చల్లగా ఉంది. ఇత్తడిని పోసే వేడి సుమారు 1000 నుంచి 1050 డిగ్రీలు, అచ్చు ఎర్రగా ఉండాలి. అచ్చును కొలిమి నుంచి తీసి మన్నులో పాతి తీరిగ్గా పోస్తే ఆలోగా చల్లారుతుంది. గోడ మందం 2.5 మి.మీ. కన్నా తక్కువైనా ఇదే జరుగుతుంది, అప్పుడు తప్పు డిజైనర్‌ది.

*ఒక పక్క మందం, ఒక పక్క చిల్లు.* మైనం పోయాక లోపలి మట్టి ముద్దకు ఆధారం లేక పక్కకు ఒరిగింది. అన్ని వైపులా మూసుకున్న బోలు రూపం గీస్తే ఇది తప్పదు. ముద్ద బయటి మట్టిని తాకేలా రెండు మూడు చోట్ల కిటికీలు వదలాలి. అది కుదరకపోతే మైనం గుండా సన్న ఇనుప మేకులు గుచ్చి బయటి పూతలోకి దిగనివ్వాలి.

*పైన అంతా సన్న గుంటలు.* అచ్చులో తడి మిగిలింది, లేదా మైనం పూర్తిగా కాలలేదు. పోసేటప్పుడు మూతి దగ్గర బుడబుడమంటే ఇదే. అచ్చు ఎండిందో లేదో చేత్తో తాకి చెప్పలేం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తూచండి. బరువు తగ్గడం ఆగితే ఎండినట్టు.

*తీగ గీతలు మొద్దుబారాయి.* మొదటి పూత గరుకుగా ఉంది, మన్ను జల్లించలేదు. లేదా ఎండలో ఆరబెట్టారు. ఆదిలాబాద్ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. తేనెమైనం కరగడానికి 62 డిగ్రీలు కావాలి గానీ, మెత్తబడడానికి అంత అక్కర్లేదు. ఎండలో మట్టి కింద తీగ నీరుగారి చదునవుతుంది. ఆరబెట్టడం ఎప్పుడూ నీడలోనే.

*వస్తువు ఒంటి మీద రెక్కలా పలచటి ఇత్తడి.* అచ్చు పగిలింది. ఒక పూత ఆరకముందే ఇంకో పూత వేసి ఉంటారు.

ఒక పుస్తకంలో ఎన్ని పోశారు, ఎన్ని చెడ్డాయి, ఏ లోపం అని మూడు గడులు గీసి రాస్తే నాలుగు పోతల తర్వాత ఏది మార్చాలో దానంతటదే కనిపిస్తుంది.

తుక్కు ఇత్తడి వాడవచ్చా?

అందరూ వాడేది అదే. ఏ తుక్కు అన్నదే ప్రశ్న. పాత బిందెలు, చెంబులు మంచివి. నీళ్ల ట్యాపులు, వాల్వులు మరలు సులువుగా కోసేందుకు సీసం కలిపి చేసినవి కాబట్టి వాటిని వేరుగా పెట్టాలి. ఇనుప ముక్కలను అయస్కాంతంతో ఏరేయండి. అల్యూమినియం ముక్క ఒక్కటి పడినా కరిగిన లోహం పైన చర్మం కట్టి సరిగా పారదు.

ఇంకో సంగతి. జింకు 907 డిగ్రీలకే మరుగుతుంది. అంటే ఇత్తడి పోసే వేడికి జింకు కొంత ఆవిరైపోతూనే ఉంటుంది. కొలిమి మీద తెల్లటి పొగ, పైకప్పుకు అంటుకునే తెల్లటి దూదిలాంటిది అదే. ఒకే లోహాన్ని మళ్లీ మళ్లీ కరిగిస్తే అది ఎర్రబారి, కరగడానికి ఇంకా వేడి అడుగుతుంది. మూసలో కాస్త వెలిగారం, బొగ్గు పొడి వేసి పైన కప్పు కట్టనిస్తే ఆవిరి తగ్గుతుంది. పోసే ముందు కొంచెం జింకు కాగితంలో చుట్టి అడుగుకు తోసి కలపడం కూడా ఉంది. తెల్లటి పొగ గుప్పుమంటుంది కాబట్టి ముఖం పక్కకు తిప్పుకోవాలి.

గిన్నెలు, చెంచాలు చేయించి అమ్మవచ్చా?

మా సలహా, వద్దు. తుక్కులో సీసం ఉందో లేదో కంటితో తెలియదు. లోహంలో ఏమేం కలిశాయో చూపే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రంతో పరీక్ష చేయించాలి, అదీ ప్రతి మూసకు. సీసం లేకపోయినా చింతపండు పులుసు, పెరుగు, నిమ్మరసం ఇత్తడితో కలిస్తే చిలుము పడుతుంది. కళాయి పూయించవచ్చు, కానీ తీగ గీతల సందుల్లోకి తగరం సమంగా పట్టదు, అరిగిపోతే మళ్లీ పూయించాలి. తిండి తగలని వైపు, అంటే మూత పిడి, చెంచా తొడిమ చివర, డోక్రా పెట్టి మిగతా భాగం స్టీలు పెట్టుకుంటే చిక్కు ఉండదు.

వానాకాలంలో ఆర్డరు ఇవ్వవచ్చా?

జూన్ నుంచి సెప్టెంబరు దాకా మట్టి ఆరదు. ఆరని అచ్చులో లోహం పోస్తే ఆవిరికి అచ్చు పేలి కరిగిన ఇత్తడి చిమ్ముతుంది. మనుషులకు ప్రమాదం. పొలం పనులూ అప్పుడే. ఆ నెలల్లో మైనపు రూపాలు చేసి పెట్టుకోవచ్చు, పాత పోతలు రాకవచ్చు. దీపావళికి సరుకు కావాలంటే ఆర్డరు వేసవిలో ఇచ్చి, పోత జూన్‌కు ముందే ముగించాలి. గోండు గూడేల్లో దీపావళి అంటే దండారి పండుగ, గుస్సాడీ నాట్యాల రోజులు. అప్పుడు తొందరపెట్టినా పని జరగదు, తొందరపెట్టకూడదు కూడా.

ధర ఎలా కట్టాలి?

పైన చెప్పిన హుక్కులు ఇరవై పోశారనుకుందాం. అంకెలు లెక్క చూపడానికి వేసుకున్నవే, మీ ఊరి ధరలు పెట్టుకోండి. ఇత్తడి 3 కిలోలు, తరుగుతో 3.15 కిలోలు, కిలో రూ. 550 చొప్పున సుమారు రూ. 1,732. పోయిన మైనం రూ. 120. బొగ్గు రూ. 300. మొత్తం సరుకు ఖర్చు రూ. 2,152. ఇద్దరు నాలుగేసి రోజులు పనిచేశారు, అంటే 8 పనిదినాలు. ఇరవైలో రెండు చెడ్డాయి, పద్దెనిమిది మిగిలాయి.

కొనేవాళ్లు ఒక్కోటి రూ. 250కి అడిగారు. 18కి రూ. 4,500. సరుకు ఖర్చు పోగా రూ. 2,348. ఎనిమిదితో భాగిస్తే రోజుకు రూ. 293. ‘ఇరవై హుక్కుల ఆర్డరు వచ్చింది’ అని సంతోషపడే మాటేగానీ గిట్టుబాటు లేదు. రోజుకు రూ. 600 పడాలంటే హుక్కు రూ. 386 కావాలి.

ఆ ధర రాకపోతే కూలి తగ్గించకండి, డిజైన్ మార్చండి. పలక నిండా తీగ చుట్టే బదులు అంచున మూడు వరసలు, మధ్యలో ఒక సుడి పెట్టి పని 8 నుంచి 5 పనిదినాలకు తగ్గిందనుకోండి. అదే రూ. 250కి రోజుకు రూ. 470 పడుతుంది. లోహం తగ్గిస్తే మిగిలేది కొంచెమే. గంటలు తగ్గిస్తే మిగిలేది ఎక్కువ. డిజైనర్ చేయగలిగిన అసలు మేలు ఇక్కడే.

ఇంట్లో ఆడవాళ్లు తీగ చుట్టిన రోజులను కూడా లెక్కలో రాయాలి. చాలా లెక్కల్లో అవి కనిపించవు, వస్తువు చవగ్గా పడిందన్న భ్రమ అక్కడి నుంచే వస్తుంది.

ఆర్డరు కాగితంలో ఏం ఉండాలి?

ఒక నమూనా ముక్క, కొలతదిమ్మ, బరువు హద్దు (ఉదాహరణకు 130 నుంచి 165 గ్రాములు), ఏ లోపం ఉంటే వెనక్కి, ఏది ఉంటే తీసుకుంటారు అన్నది ముందే. గీతలు ఒకదానికొకటి సరిపోలకపోవడం లోపం కాదని రాయండి. హుక్కు గోడకు ఆనకపోవడం లోపమే. అడ్వాన్సు కనీసం ఇత్తడి, మైనం, బొగ్గు ఖర్చంత ఉండాలి. లేకపోతే కళాకారుడు వడ్డీకి తెచ్చి మీ సరుకు చేసినట్టు. మిగతా డబ్బు సరుకు చేరిన రోజునే. అమ్ముడయ్యాక ఇస్తామనే పద్ధతి చిన్న కుటుంబాలకు పనికిరాదు.

నల్లబడకుండా ఏం చేయాలి?

పోత మీది మసి తీగ బ్రష్షుతో రుద్ది, చింతపండుతో తోమి, కడిగి వెంటనే పూర్తిగా ఆరబెట్టాలి. ఘాటు యాసిడ్‌లో ఎక్కువసేపు ముంచితే ఉపరితలం మీద రాగి తేలి ఇత్తడి గులాబి రంగుకు తిరుగుతుంది. చాలామంది దాన్ని లోహం కల్తీ అనుకుంటారు. లాకర్ (పారదర్శకమైన వార్నిష్) పూస్తే మెరుపు నిలుస్తుంది, కానీ రోజూ చేయి తగిలే పిడి మీద మచ్చలు మచ్చలుగా లేచిపోతుంది. పిడులకు లాకర్ వద్దు. తేనెమైనం కలిపిన పాలిష్ చాలు, చేతి రాపిడే ఎత్తు గీతలను మెరిపిస్తుంది, సందులు నల్లగా మిగిలి నగిషీ ఇంకా తేలుతుంది.

కొలిమి దగ్గర ఏ జాగ్రత్తలు?

జింకు పొగ పీల్చినవాళ్లకు ఆ సాయంత్రం నోట్లో లోహపు రుచి, చలిజ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. వస్తోందంటే గాలి చాలట్లేదని అర్థం. కొలిమి మూడు వైపులా తెరిచి ఉండాలి, గాలి వీపు వైపు నుంచి రావాలి. కాళ్లకు తోలు బూట్లు, నూలు బట్టలు. పాలిస్టర్ వద్దు, నిప్పురవ్వ పడితే ఒంటికి అంటుకుంటుంది. పోసేచోట నేల పొడి ఇసుక ఉండాలి. తడి సిమెంటు నేల మీద కరిగిన ఇత్తడి పడితే చిమ్ముతుంది. పట్టకారును, మూసలో ముంచే కడ్డీని ముందు వేడి చేసుకోవాలి.

భౌగోళిక గుర్తింపు ముద్ర ఎవరైనా వేసుకోవచ్చా?

వేసుకోకూడదు. అధీకృత వినియోగదారుగా నమోదైన వాళ్లే వాడాలి. ఆ నమోదు పదేళ్లు చెల్లుతుంది. మీ దుకాణం కాదు, తయారుచేసే కళాకారుడు నమోదు కావాలి. హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయం ఇచ్చే పెహచాన్ (కళాకారుల గుర్తింపు) కార్డు కూడా విడిగా తీసుకోవాలి, మేళాలకూ శిక్షణలకూ అడుగుతారు. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కమ్మరి, స్వర్ణకారుడు ఉన్నారు గానీ ఇత్తడి పోత విడిగా లేదు. దరఖాస్తు పెట్టే ముందు అది చూసుకోండి.

కొత్త డిజైన్‌ను ఎవరైనా కాపీ కొడితే?

కొడతారు. 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేస్తే పదేళ్ల రక్షణ, ఇంకో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు. కానీ నమోదుకు ముందు ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో పెడితే అది ‘కొత్తది’ కాదు, హక్కు పోతుంది. ముందు దరఖాస్తు, తర్వాత ఫొటో. దరఖాస్తులో కళాకారుడి పేరు ఉండాలా లేదా అన్నది పని మొదలుపెట్టే రోజే కాగితం మీద రాసుకోండి. మా అభిప్రాయంలో ఉండాలి, ఎందుకంటే మైనంలో సగం నిర్ణయాలు తీసుకునేది ఆయనే.

గోండు దేవతా రూపాలను తాళంచెవి గొలుసులుగా చేయించవచ్చా?

ముందు అడగండి. గోండుల దైవం పెర్సాపేన్ పూజలో వాడే వస్తువులను ఓజాలు గూడెం వాళ్ల కోసమే పోస్తారు, వాటికి నియమాలున్నాయి. నెమలి, తాబేలు, చేప, ఆకు, గజ్జె వరసలు లాంటివి వాడుకోవడానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు. ఏది కూడదో ఆ ఊరి పెద్దలు చెప్పగలరు, డిజైనర్ ఊహించకూడదు.

మొదటిసారి ఎన్ని రోజులకు వెళ్లాలి, ఏం పట్టుకెళ్లాలి?

కనీసం పన్నెండు రోజులు పెట్టుకోండి. మొదటి రెండు రోజులు ఏమీ గీయకుండా వాళ్లు చేసే గజ్జెనో గంటనో చుట్టడం చూడండి. ఒక్కో వరసకు ఎంతసేపు పడుతోందో గడియారం చూసి రాసుకోండి. మూడో రోజు మైనంలో నాలుగైదు రూపాలు ప్రయత్నించండి, గీతల బొమ్మలతో కాదు. పూతలు, ఆరడం కలిపి ఐదారు రోజులు. ఒక రోజు పోత. చివరి రెండు రోజులు రాకడం, డ్రిల్లు, గోడకు బిగించి చూడడం. త్రాసు, వెర్నియర్, అయస్కాంతం, 2, 3.3, 4.2, 5 మి.మీ. డ్రిల్లు బిట్లు, ఎం4 ట్యాప్, నాలుగు రకాల స్క్రూలు, కొలతదిమ్మలకు చెక్క ముక్కలు, ఒక చేతి డ్రిల్లు. కరెంటు పోతే నడవడానికి బ్యాటరీ డ్రిల్లు అయితే ఇంకా నయం.